నాలుగు మెషిన్లు నాలుగు రకాలుగా మాట్లాడుతున్నాయి, కొనేవాళ్లేమో ఒకే డేటా అడుగుతున్నారు. మీరెలా చేశారు?

రాయగడ ఫౌండ్రీ

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. నాన్నగారు మొదలుపెట్టిన చిన్న ఫౌండ్రీ, దాని పక్కనే మెషిన్ షాప్. 500 కిలోల ఇండక్షన్ ఫర్నేస్ ఒకటి, రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు, ఒక వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషిన్), మొత్తం 22 మందిమి. పంప్ కేసింగ్‌లు, ఇంపెల్లర్లు, బేరింగ్ హౌసింగ్‌లు పోత పోసి, మెషినింగ్ చేసి ఇస్తాం. చుట్టుపక్కల పేపర్ మిల్లు, అల్యూమినా, ఫెర్రో క్రోమ్ ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి స్పేర్ల పనికి లోటు లేదు, పార్వతీపురం మీదుగా విశాఖ వైపు కూడా సరుకు పంపుతుంటాం.

రెండు నెలల కింద మా పెద్ద కస్టమర్ దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఇక నుంచి ప్రతి లాట్‌తో పాటు హీట్ వారీగా (ఫర్నేస్‌లో ఒక విడత కరిగించి పోసింది ఒక హీట్) డేటా రావాలట: ఎన్ని డిగ్రీల దగ్గర పోశాం, ఎంత కరెంటు కాలింది, ఏ మెషిన్ మీద ఎంతసేపు నడిచింది, కొలతలు ఎంత వచ్చాయి. ఎక్సెల్‌లో కొట్టి పంపితే కుదరదు, మెషిన్ నుంచి నేరుగా వాళ్ల సిస్టమ్‌లోకి వెళ్లాలట. సరే, ఏదో ఒకటి చేద్దాం అనుకునేలోగా విశాఖ వైపు కస్టమర్ కూడా ఇంచుమించు ఇవే వివరాలు వేరే వరసలో, వేరే పేర్లతో, వేరే ఫైల్‌లో అడిగాడు. అంటే ఒకే పోతకి రెండు పుట్టిన రోజు పత్రాలు రాయాలన్నమాట.

ఇంక మా మెషిన్ల సంగతి. ఫర్నేస్ ప్యానెల్‌లో ఉన్న ఎనర్జీ మీటరూ, టెంపరేచర్ ఇండికేటరూ మోడ్‌బస్ అనే పాత పద్ధతిలో అంకెలు పంపుతాయి. ఒక లేత్‌కి నెట్‌వర్క్ పోర్ట్ ఉంది గానీ దానికి వాళ్ల సొంత లైబ్రరీ కావాలి. ఇంకో లేత్ పాతది, దాని వెనకాల సీరియల్ పోర్ట్ తప్ప ఏమీ లేదు. వీఎంసీ కొత్తది, డేటా పంపడానికి ఓపీసీ యూఏ అనే కొత్త పద్ధతి ఉందంటారు, కానీ ఆ ఆప్షన్ తెరవడానికి విడిగా డబ్బు కట్టాలట. ఒక సాఫ్ట్‌వేర్ అతను వచ్చి అన్నీ చూసి కొటేషన్ ఇచ్చాడు. మొత్తం అతని బాక్స్‌లోనే నడుస్తుంది, డేటా అతని సర్వర్‌లోనే ఉంటుంది, రెండో కస్టమర్ ఫార్మాట్ కావాలంటే మళ్లీ విడిగా చార్జి. ఆ అంకె చూసి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో.

దాంతో నేనే ఒక చిన్న కంప్యూటర్, ఒక కన్వర్టర్ కొని, ముందు టెంపరేచర్ ఒక్కటైనా తీసుకుందామని కూర్చున్నాను. వైర్లు కలిపాను, అంకెలు వచ్చాయి. వచ్చినవి చూస్తే మతి పోయింది. ఇండికేటర్ మీద 1450 డిగ్రీలు కనిపిస్తుంటే కంప్యూటర్‌లో 2.004 అని వస్తోంది. 1449కి పడితే సున్నా. 1451కి ఎక్కితే ఇరవై అంకెల సంఖ్య. ఎదురుగా లేడిల్‌లో (పోత పోసే గిన్నెలో) తెల్లగా మెరుస్తున్న కరిగిన ఇనుము, స్క్రీన్ మీద రెండు డిగ్రీలు! ఇండికేటర్ పాడైందేమో అని ఇంకోటి తెప్పించాను, దాంట్లోనూ అదే వచ్చింది.

మా ఎస్టేట్‌లోనే ఇంకో ముగ్గురు ఫ్యాబ్రికేషన్, మెషినింగ్ వాళ్లున్నారు, వాళ్లకీ ఇవే మెయిళ్లు వచ్చాయి. నా ప్రశ్నలు రెండు. ఈ 2.004 ఏమిటి? అది తేలాక, ఎవరికి వాళ్లం ఒక్కో బాక్స్ కొనుక్కోవాలా, లేక నలుగురం కలిసి ఏదైనా ఒక పద్ధతి పెట్టుకోవచ్చా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి. ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

బల్లార్షా ఇన్‌స్ట్రుమెంట్

తమ్ముడూ, ముందు ఇండికేటర్లు కొనడం ఆపు. నీ మీటర్ బాగానే ఉంది.

నేను చంద్రపూర్ జిల్లాలో సిమెంట్ వైపు 19 ఏళ్లుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ చేస్తున్నాను. నువ్వు రాసిన మూడు అంకెలు చూడగానే అనుమానం వచ్చింది, కాగితం మీద లెక్క కట్టి చూస్తే అచ్చంగా సరిపోయింది. మోడ్‌బస్‌లో ఒక రిజిస్టర్‌లో పట్టేది 16 బిట్లు. దశాంశాలతో ఉన్న సంఖ్యకి 32 బిట్లు కావాలి కాబట్టి దాన్ని రెండు ముక్కలు చేసి పక్కపక్క రిజిస్టర్లలో పెడతారు. ఏ ముక్క ముందు రావాలన్నది మోడ్‌బస్ చెప్పదు, తయారుచేసిన కంపెనీ ఇష్టం. నీ ఇండికేటర్ పెద్ద ముక్కని ముందు పెడుతోంది, నీ సాఫ్ట్‌వేర్ చిన్న ముక్క ముందుంది అనుకుని చదువుతోంది. 1450ని అలా తలకిందులు చేసి చదివితే సరిగ్గా 2.004 వస్తుంది. ఒక్క డిగ్రీ తగ్గితే దాదాపు సున్నా, ఒక్క డిగ్రీ పెరిగితే ఇరవై అంకెలు. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో వర్డ్ ఆర్డర్ లేదా వర్డ్ స్వాప్ అని ఎక్కడో ఉంటుంది, దాన్ని మార్చు. ఇంకో మాట, మాన్యువల్‌లో 40001 అని రాసి ఉన్నది కొన్ని సాఫ్ట్‌వేర్లలో అడ్రస్ 0 అవుతుంది. ఆ ఒక్క అంకె తేడాతో నేను మొదటి ఏడాదిలో ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను, పక్క రిజిస్టర్ చదువుతూ.

ఇప్పుడు అసలు సంగతి. మోడ్‌బస్ 1979లో మోడికాన్ వాళ్లు తమ కంట్రోలర్ల కోసం చేసుకున్నది. అది అంకె పంపుతుంది, ఆ అంకె ఏమిటో చెప్పదు. 1450 అంటే డిగ్రీలా, ఆర్‌పీఎమ్మా, కిలోవాట్లా, అది ఏ ఫర్నేస్‌ది, ఎప్పటిది, ఇవేవీ వైరు మీద రావు. అవి మాన్యువల్‌లోనో, ప్యానెల్ కట్టినవాడి తలలోనో ఉంటాయి. ఆ మనిషి ఉద్యోగం మారితే అంతే సంగతులు. నువ్వు చూసిన 2.004 కళ్లకి కనిపించే తప్పు కాబట్టి పట్టుకున్నావు. యూనిట్ తప్పు అలా కనిపించదు. మా దగ్గర ఒక మిల్ మీటర్ కిలోవాట్ అవర్లలో ఇచ్చేది, దాని పక్కది మెగావాట్ అవర్లలో. రెండూ కలిపి కూడిన రిపోర్ట్ ఐదు వారాలు పైకి వెళ్లింది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ గొడవ తీర్చడానికి కంపెనీలు కలిసి కూర్చోవడం కొత్తేమీ కాదు. 90లలో ప్రతి హెచ్‌ఎంఐ (స్క్రీన్ మీద చూపించే) సాఫ్ట్‌వేర్‌కీ, ప్రతి పీఎల్‌సీకీ (మెషిన్‌ని నడిపే కంట్రోలర్‌కీ) మధ్య విడిగా డ్రైవర్ రాయాల్సి వచ్చేది. ఫిషర్-రోజ్‌మౌంట్, రాక్‌వెల్, ఆప్టో 22 లాంటి కొన్ని కంపెనీలు కలిసి 1996లో ఓపీసీ తెచ్చాయి. అది విండోస్ మీదే నడిచేది, ఫైర్‌వాల్ దాటించాలంటే ప్రాణాలు తోడేసేది. 2008లో ఓపీసీ యూఏ వచ్చింది, విండోస్ అక్కర్లేదు, సెక్యూరిటీ లోపలే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అంకెతో పాటు దాని పేరు, యూనిట్, అది ఏ మెషిన్‌లో భాగం అన్నదీ కలిపి పంపగలదు. ఇప్పుడది ఐఈసీ 62541 అనే అంతర్జాతీయ స్టాండర్డ్.

కలిసి కూర్చుంటే అన్నిసార్లూ కుదురుతుందని కూడా చెప్పను. ఫీల్డ్‌బస్ (ప్లాంట్‌లో పరికరాలని ఒకే వైరు మీద కలిపే పద్ధతి) విషయంలో ఏళ్ల తరబడి కొట్లాడుకుని, 2000 నాటికి ఒకే స్టాండర్డ్ అని ఐఈసీ 61158 తెచ్చారు, అందులో ఎనిమిది రకాలు పెట్టారు! ఎవరిది వాళ్లు వదల్లేదు, ఆ భారం మా లాంటి ప్లాంట్ వాళ్ల మీద పడింది. అందుకే నలుగురు కలవడం మంచిదే కానీ, ఎవరికి ఏది నచ్చితే అది లోపల పెట్టుకుంటూ పోతే లాభం లేదు.

నీ వీఎంసీకి ఓపీసీ యూఏ ఆప్షన్ డబ్బు ఎంతైనా ఒకసారి కట్టేదే. బేరమాడి తీసుకో.

పర్లాకిమిడి కుర్రాడు

అన్నా, నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడి, ఇప్పుడు విశాఖలో ఫ్యాక్టరీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. బల్లార్షా అన్న చెప్పిన టెక్నికల్ మాటతో పేచీ లేదు. కానీ 22 మంది ఉన్న షాప్‌కి అన్ని మెషిన్లకీ ఓపీసీ యూఏ అంటే బరువు ఎక్కువ. ఎంక్యూటీటీ చూడండి, చిన్న చిన్న సందేశాలుగా డేటా పంపే పద్ధతి. 1999లో ఆయిల్ పైప్‌లైన్ల రీడింగులు శాటిలైట్ లింక్ మీద తక్కువ ఖర్చుతో తేవడానికి ఐబీఎంకి చెందిన ఒకరు, ఇంకో ఇంజనీరు కలిసి చేశారు. నెట్ వస్తూ పోతూ ఉండే చోట్లకి అచ్చంగా సరిపోతుంది. మన వైపు వానాకాలంలో లైన్ ఎన్నిసార్లు పోతుందో నేను చెప్పక్కర్లేదు. మస్కిటో అనే బ్రోకర్ (సందేశాలు అందుకుని పంచేది) ఉచితం, నోడ్-రెడ్ (వాటిని కలిపి, మార్చే సాఫ్ట్‌వేర్) ఉచితం, ఒక పాత కంప్యూటర్ మీద రెండూ నడుస్తాయి. మోడ్‌బస్ మీటర్, లేత్ లైబ్రరీ, వీఎంసీ, అన్నీ ఒక చోటికి చేరతాయి, అక్కడి నుంచి ఇద్దరు కస్టమర్లకీ వాళ్లకి కావాల్సిన రూపంలో పంపొచ్చు.

ఒక హెచ్చరిక. మామూలు ఎంక్యూటీటీ పోస్ట్‌మ్యాన్ లాంటిది, కవర్ చేరుస్తుంది గానీ లోపల ఏ భాషలో రాసి ఉందో దానికి అక్కర్లేదు. అందుకే స్పార్క్‌ప్లగ్ అని దాని మీద ఒక ఒప్పందం పెట్టారు, 2023లో అది ఐఎస్ఓ స్టాండర్డ్ కూడా అయింది. అది వాడితే మెషిన్ లైన్‌లోకి రాగానే తన దగ్గర ఏమేం ఉన్నాయో ముందే చెబుతుంది, కనెక్షన్ తెగిపోతే ఆ సంగతీ తెలుస్తుంది. మీటర్ ఆగిపోయినా పాత అంకె స్క్రీన్ మీద అలాగే ఉండిపోవడం నేను చాలా షాపుల్లో చూశాను, అది చాలా ప్రమాదం.

గడియారాలు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ వదిలేసేది ఇదే. పోయినేడు ఒక షాప్‌లో రాత్రి 2:10కి పోసిన హీట్, కస్టమర్ సిస్టమ్‌లో ముందు రోజు తేదీతో పడింది. వాళ్ల సర్వర్ టైమ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందు, అంటే రాత్రి 2:10 వాళ్లకి నిన్న 20:40. చలానా మీద ఒక తేదీ, డేటాలో ఇంకో తేదీ, లాట్ మొత్తం గేట్ దగ్గర ఆగిపోయింది. మూడు రోజులు అటూ ఇటూ ఫోన్లు. ఇంకో లేత్ గడియారం 17 నిమిషాలు ముందు ఉండేది, దాని లెక్క ప్రకారం పార్ట్ కొలతలు అయిపోయాక మెషినింగ్ మొదలైంది. అన్ని మెషిన్ల టైమ్ ఒకే కంప్యూటర్ నుంచి సరిచేసే ఏర్పాటు మొదటి రోజే పెట్టండి, ప్రతి టైమ్ పక్కన +5:30 అని రాయించండి, తేదీ ఏడాదితో మొదలుపెట్టండి. 03/04 అంటే ఏప్రిలో మార్చో తేల్చుకునే పని ఎవరికీ వద్దు.

లేత్‌ల నుంచి డేటా తీయడానికి ఎంటీకనెక్ట్ అనే స్టాండర్డ్ కూడా ఉంది, అమెరికా మెషిన్ టూల్ సంఘం వాళ్లు 2008లో మొదటి వెర్షన్ తెచ్చారు. వాడుకోవడానికి రుసుము లేదు. అది చదవడానికి మాత్రమే, మెషిన్‌కి ఆదేశాలు పంపదు, కాబట్టి ఆపరేటర్లు భయపడరు.

యూపీఐతో పోల్చి చూడండి. ఏ బ్యాంకు అయినా, ఏ యాప్ అయినా ఒకే క్యూఆర్ మీద డబ్బు పడుతోంది. కారణం ఏమిటి? యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ ఒకటే రూల్ పెట్టింది, బ్యాంకులన్నీ దానికి తలొగ్గాయి. ఫ్యాక్టరీల్లో అలా రూల్ పెట్టేవాడు ఒక్కడు లేడు, కాబట్టి ఆ పని మనమే కూర్చుని చేసుకోవాలి.

గుణుపూర్ లేత్

ఆ పాత లేత్ కోసం నా అనుభవం రాస్తాను. మా దగ్గరా అలాంటిదే ఉంది. సీరియల్ పోర్ట్ జోలికి పోలేదు. మెషిన్ మీద ఉండే ఎరుపు, పసుపు, పచ్చ లైట్ల స్తంభం నుంచి పచ్చ లైటు సిగ్నల్‌ని ఒక రిలే ద్వారా విడిగా తీశాం, స్పిండిల్ (జాబ్‌ని తిప్పే) మోటర్ కేబుల్‌కి కరెంట్ కొలిచే క్లాంప్ తగిలించాం. నడుస్తోందా లేదా, నిజంగా మెటల్ కోస్తోందా గాల్లో తిరుగుతోందా, ఈ రెండూ తెలిస్తే ఆ మెషిన్ వరకు చాలు. రిలే తప్పకుండా పెట్టండి, నేరుగా వైరు తీయొద్దు. మెషిన్ కార్డు పోతే బాగుచేసేవాడు మన వైపు దొరకడు.

జయపురం మాస్టారు

బాబూ, పైన పిల్లలు చెప్పినవన్నీ పనికొచ్చేవే. నేను ఐటీఐలో ముప్పై ఏళ్లకి పైగా మెషినిస్ట్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను, మీ వైపు షాపుల్లో మా పిల్లలే చాలామంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్ నాకు అంతగా రాదు. కానీ మీరు అడిగిన రెండో ప్రశ్న సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదని నాకు అనిపిస్తోంది.

మూడేళ్ల కింద ఒక ఫౌండ్రీకి వెళ్లాను, రెండు ఫర్నేస్‌లున్నాయి. డే షిఫ్ట్ ఫోర్‌మన్‌కి ఒకటో నంబరు అంటే గేటు వైపుది. నైట్ షిఫ్ట్ అతనికి ఒకటో నంబరు అంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపుది, ఎందుకంటే స్విచ్‌లు అక్కడి నుంచి మొదలవుతాయి. ఇద్దరూ ఒకే రిజిస్టర్‌లో రాస్తున్నారు, ఎన్నేళ్లుగానో! ఫర్నేస్ లోపలి పూత, అదే లైనింగ్, ఎన్ని హీట్లు తిన్నదో లెక్క తప్పి, ఒకదాని లైనింగ్ ముందే పోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజు సాయంత్రం ఒక తెల్ల పెయింట్ డబ్బా తెప్పించి రెండిటి మీదా జానెడు ఎత్తున అంకెలు వేయించాను. ఇప్పుడు చెప్పండి, ఆ షాప్‌కి ఓపీసీ యూఏ పెట్టి ఉంటే ఏమయ్యేది? అదే తప్పు సెకనుకోసారి తప్పకుండా కస్టమర్‌కి చేరేది.

కాబట్టి వైర్ల కన్నా ముందు పేర్లు. మీ నలుగురూ ఒక ఆదివారం కూర్చోండి. హీట్ అంటే ఏమిటి? ఫర్నేస్ నింపడం మొదలైన దగ్గర్నుంచా, పోయడం మొదలైన దగ్గర్నుంచా? అర లేడిల్ పోసి మళ్లీ స్క్రాప్ వేసి కరిగిస్తే అది అదే హీటా, కొత్తదా? కరెంటు లెక్కలో కూలింగ్ వాటర్ పంపు కూడా కలపాలా? మెషినింగ్ టైమ్ అంటే జాబ్ బిగించే సమయం అందులో ఉందా? వీటికి నలుగురూ ఒకే జవాబు రాయగలిగితే ముప్పాతిక పని అయినట్టే. మీ మనుషులు ఒడియాలో మాట్లాడేవాళ్లు కొందరు, తెలుగులో కొందరు, కాబట్టి ఆ కాగితం రెండు లిపుల్లోనూ రాసి ప్యానెల్ పక్కన అంటించండి. పేరు ఎక్కించేది ఆపరేటర్ చెయ్యి, ఇంజనీరుది కాదు.

డ్రాయింగుల విషయంలో ఈ పని ఎప్పుడో జరిగిపోయింది, మనం గమనించలేదంతే. ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా మీకు స్టెప్ ఫైల్ పంపితే తెరుచుకుంటోంది కదా? అది ఐఎస్ఓ 10303, మొదటి భాగాలు 1994లో వచ్చాయి. అంతకు ముందు డ్రాయింగ్ మార్చేటప్పుడు గీతలు విడిపోయి, గుండ్రాలు ముక్కలై వచ్చేవి, మేము పిల్లల చేత మళ్లీ గీయించేవాళ్లం.

తరవాత, ఇద్దరు కస్టమర్ల దగ్గరికీ నలుగురూ కలిసే వెళ్లండి. ఒక్కరు వెళ్తే కొనుగోలు విభాగం వాళ్లు మెయిల్ చూసుకోమంటారు. నలుగురు వెళ్తే కూర్చోబెట్టి టీ ఇస్తారు. వాళ్లకి ఇది కావాలి, ఉత్తినే అడగడం లేదు. యూరప్ వాళ్లు ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంట్ లాంటి వాటి మీద కార్బన్ లెక్కలు 2023 అక్టోబర్ నుంచి అడగడం మొదలుపెట్టారు, 2026 జనవరి నుంచి డబ్బు కట్టే దశ వచ్చింది. మీ స్పేర్లు నేరుగా ఆ లెక్కలోకి రావు, కానీ పెద్ద ప్లాంట్‌లో ఒకసారి లెక్కలు రాయడం మొదలైతే సప్లయర్ల దాకా పాకుతుంది.

ఇంకొక్క మాట, జాగ్రత్తగా వినండి. కరెంటు యూనిట్లు నిమిషం నిమిషానికీ ఇస్తే మీ ఖర్చు ఎంతో వాళ్లు లెక్క కట్టేస్తారు, వచ్చే టెండర్‌లో అదే చెప్పి రేటు కోస్తారు. హీట్‌కి ఒక్క మొత్తం అంకె ఇవ్వండి, అంతకు మించి వద్దు.

పర్లాకిమిడి కుర్రాడు

మాస్టారూ, మీ చివరి మాట బంగారం. జర్మనీలో 2021లో కార్ల కంపెనీలు, వాళ్ల సప్లయర్లు కలిసి కేటెనా-ఎక్స్ అని మొదలుపెట్టారు, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, బాష్, సీమెన్స్, శాప్ లాంటివాళ్లు ఉన్నారు. అందులో మూల సూత్రం ఇదే: డేటా ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది, ఎవరికి, ఏది, ఏ షరతు మీద చూపించాలో ఇచ్చేవాళ్లే నిర్ణయిస్తారు. రాయగడ అన్నకి కొటేషన్ ఇచ్చిన అతని పద్ధతిలో ఇది అచ్చంగా తలకిందులు. కొటేషన్ ఎవరిదైనా సరే, డేటా మొత్తం ఎప్పుడు అడిగితే అప్పుడు మామూలు ఫైల్‌లో తిరిగి ఇస్తాను అని రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే వద్దు.

మెషిన్లని మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కి కలపొద్దు అన్నా. మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ లేదు, లోపలికి వచ్చిన ఎవడైనా రాయగలడు. మధ్యలో ఉన్న కంప్యూటర్ ఒక్కటే బయటికి మాట్లాడాలి, అది కూడా పంపడమే, బయటి నుంచి లోపలికి దారి ఉండకూడదు.

రాయగడ ఫౌండ్రీ

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, మధ్యలో లైనింగ్ పని వచ్చిపడింది.

బల్లార్షా అన్నా, వర్డ్ స్వాప్ మార్చాను. కంప్యూటర్ ముందు మా ఎలక్ట్రీషియన్, ఫర్నేస్ దగ్గర నేను, గట్టిగా అంకెలు చదువుకుంటూ చూశాం. నేను 1447 అంటే అతను 1447, నేను 1448 అంటే అతను 1448. మా నాన్నగారు కుర్చీలోంచి లేచి వచ్చి చాలాసేపు ఆ స్క్రీన్ చూశారు. ఆయన 30 ఏళ్లు కంటితో రంగు చూసి పోసిన మనిషి. "ఇప్పుడు ఎవరైనా పోయొచ్చురా" అన్నారు. ఆ మాట ఎప్పటికీ మర్చిపోను.

మాస్టారూ, ఆదివారం నలుగురం మా షెడ్‌లో కూర్చున్నాం. గంటలో అయిపోతుందనుకున్నాను, మధ్యాహ్నం భోజనాలు తెప్పించుకోవాల్సి వచ్చింది. హీట్ అంటే ఏమిటన్న దగ్గరే ముప్పావు గంట పట్టింది, మా నలుగురిలో మిగతా ముగ్గురికి ఫౌండ్రీయే లేదు, అయినా వాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడిగారు, అవే పనికొచ్చాయి. చివరికి 11 పేర్లు తేలాయి. హీట్ నంబరు, షాప్ గుర్తు, పోత మొదలైన సమయం, అప్పటి ఉష్ణోగ్రత డిగ్రీల సెల్సియస్‌లో, హీట్ మొత్తం యూనిట్లు పంపు లేకుండా, పార్ట్ నంబరు, మెషిన్ గుర్తు, కోత మొదలు, కోత ముగింపు, కొలత, కొలిచిన పరికరం గుర్తు. బిగించే సమయం కోతలో కలపకూడదని రాశాం. తెలుగులో, ఒడియాలో రాసి లామినేషన్ చేయించాం. ఫర్నేస్ మీద పెద్ద అంకె కూడా వేయించాను, ఉన్నది ఒక్కటే అయినా, రేపు రెండోది వస్తే గొడవ ఉండకూడదని.

గురువారం పెద్ద కస్టమర్ దగ్గరికి నలుగురం వెళ్లాం. ముందు ఒకాయన ఫార్మాట్ మారదన్నారు. అప్పుడు మా కాగితం బల్ల మీద పెట్టి, మీరు హీట్ టైమ్ అని అడిగారు, అది ఎప్పటి నుంచి లెక్కండీ అని అడిగాను. ఆయన పక్కాయన్ని చూశారు, పక్కాయన ఫోన్ చేశారు. వాళ్ల రెండు విభాగాల్లో రెండు అర్థాలున్నాయని అక్కడే బయటపడింది. ఆ తరవాత మాట్లాడే తీరు మారింది. మా 11 పేర్లలో 9 ఉన్నవున్నట్టు ఒప్పుకున్నారు, కొలతకి పాస్ లేదా ఫెయిల్ కాకుండా అసలు అంకె కావాలన్నారు, అది న్యాయమే. కరెంటు హీట్‌కి ఒక్క మొత్తం చాలన్నారు. ఆరు నెలలు గడువు ఇచ్చి, అందాకా మా మధ్య కంప్యూటర్ నుంచి రోజుకోసారి ఫైల్ వస్తే తీసుకుంటామన్నారు.

విశాఖ కస్టమర్ ఇంకా ఒప్పుకోలేదు. వాళ్ల సిస్టమ్ వాళ్ల పై ఆఫీసు పెట్టిందట, మార్చే అధికారం ఇక్కడ లేదట. వాళ్లకి మాత్రం మా ఫైల్‌ని వాళ్ల పేర్లలోకి మార్చి పంపాలి, ఆ మార్పు ఒక్కచోట రాస్తే నలుగురికీ పనికొస్తుంది.

ఖర్చు నలుగురం పంచుకున్నాం. మధ్య కంప్యూటర్లు ఎవరివి వాళ్లవే, రాసే పని ఒక్కసారే. పర్లాకిమిడి తమ్ముడూ, ఆ మార్చే భాగం నువ్వు రాసిస్తావా? డబ్బు ఇస్తాం, ఉత్తినే అడగడం లేదు. గుణుపూర్ అన్నా, రిలే పెట్టించాను, పచ్చ లైటు వస్తోంది, కానీ క్లాంప్ మాత్రం స్పిండిల్ ఖాళీగా తిరిగినా కోస్తున్నట్టే చూపిస్తోంది. మీది ఎన్ని ఆంపియర్ల దగ్గర గీత గీశారు?

గుణుపూర్ లేత్

ఆంపియర్లలో నా అంకె నీకు పనికిరాదు, మోటర్ని బట్టి మారుతుంది. జాబ్ లేకుండా మెషిన్‌ని నీ మామూలు స్పీడ్‌లన్నిటి మీదా ఐదేసి నిమిషాలు తిప్పు, వచ్చిన వాటిలో అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకో, దానికి పదిహేను శాతం కలిపి గీత పెట్టు. స్పీడ్ అందుకునేటప్పుడు ఒక్క క్షణం పైకి ఎగురుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మూడు సెకన్లు ఆగి చూడమని పెట్టు. ఫినిషింగ్ కోతలు అలా కూడా దొరకవు, వాటికి పచ్చ లైటే దిక్కు.

పర్లాకిమిడి కుర్రాడు

రాసిస్తాను అన్నా. డబ్బు సంగతి తరవాత. మీ 11 పేర్ల కాగితం ఫోటో ఇక్కడ పెట్టండి, విశాఖ వాళ్ల ఫార్మాట్ మాత్రం ఇక్కడ వద్దు, నాకు విడిగా పంపండి. కాగితం మీద ఒకటి సరిచేయండి: పోత మొదలైన సమయం ఉంది, ముగింపు లేదు. ఒక హీట్‌ని నాలుగు లేడిళ్లలో పోస్తే మొదటి మౌల్డ్‌కీ చివరి మౌల్డ్‌కీ ఉష్ణోగ్రత ఒకటే ఉండదు. పన్నెండో పేరు కావాలి.

రాయగడ ఫౌండ్రీ

నిజమే, తట్టలేదు. ఈ ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం, పన్నెండోది కలుపుతాం. మాస్టారూ, వీలైతే మీరూ రండి. జయపురం నుంచి పొద్దున్న బస్సెక్కితే భోజనాల వేళకి వచ్చేస్తారు, స్టాండ్ దగ్గరికి బండి పంపిస్తాను.

జయపురం మాస్టారు

వస్తాను బాబూ. లేడిల్ కూడా ఒకసారి చూడాలి.